మస్టరులో గనివాడు

డాన్యూబ్ రేవు,
1994 మే

ప్రియమైన రుక్సాండ్రక్కకి,

మోకాలు బాగానే ఉంది. బాగాలేనివి ఇక్కడి దోమలు.

ఈ సీజన్‌లో ఆఖరి ఫుట్‌బాల్ ఆట మన ఊరి జట్టుతో, అదీ మన ఊళ్ళోనే. కనీసం డ్రా చేసుకోకపోతే వాళ్ళు రెండో డివిజన్‌కి పడిపోతారు. మా రేవు జట్టుకి గెలిచినా ఓడినా ఒకటే. అలాంటప్పుడు ఏం జరుగుతుందో నీకు తెలుసు: కుమ్మక్కు. నిన్న మా క్లబ్బు అధ్యక్షుడు పక్కకి పిలిచి, "ప్రెడాగారితో మాటయింది. నువ్వు బంతిని పక్కలకీ వెనక్కీ తిప్పుతూ ఉండు, చాలు" అన్నాడు. గోల్‌కీపరుకి చెప్పకపోయినా కుమ్మక్కు నడుస్తుంది. మిడ్‌ఫీల్డరుకి చెప్పకపోతే నడవదు, బంతంతా మా కాళ్ళ మీదుగానే పోవాలి కదా.

ప్రెడా. మన గని డైరెక్టరు, మన జట్టు అధ్యక్షుడు, నిన్నటి పార్టీ కార్యదర్శి, ఇవాళ్టి ప్రజాస్వామ్యవాది. అప్పట్లో, మన ఊరి జట్టులో ఆడుతున్నప్పుడు, ఇలాంటి కుమ్మక్కుకే నేను కాదన్నాను. ఆటగాళ్ళమంతా మస్టరులో గనివాళ్ళమే. జీతం గనిది, బొగ్గు మొహం చూసింది లేదు. వాడు నవ్వుతూ, "మస్టర్లో గనివాడివేగా ఔరెల్, రేపట్నుంచి దిగు" అన్నాడు. రెండు చలికాలాలు దిగాను. జాతీయ జట్టు నుంచి పిలుపు వస్తుందని అందరూ అంటున్న రోజులవి. పైకొచ్చి ఈ రేవు జట్టులో చేరేసరికి కాళ్ళలో ఆ పరుగు లేదు.

మా అధ్యక్షుడికి సరేనన్నాను. ఆడేది మాత్రం నిజంగానే ఆడతాను. నువ్వేమంటావు?

నీ తమ్ముడు,
ఔరెల్


బొగ్గులోయ,
మే నెలాఖరు

ప్రియమైన తమ్ముడూ,

నేనేమంటానని అడుగుతావేంట్రా? నువ్వు మొదటిసారి గనిలో దిగిన ఆ పొద్దున లాంపు గది కిటికీలోంచి నీకు లాంపు అందించిన చేతులు నావి. నువ్వు నా మొహం చూడలేదు. నేను నీ చేతులు చూశాను.

మన పిన్ని "పోనీలేవే, పాత సంగతులు" అంటుంది. ఎవరికి పాత? కొట్టినవాడికి పాతబడుతుంది, తిన్నవాడికి పాతబడదు. క్షమించమనే సలహా ఎప్పుడూ కిందివాడికే ఇస్తారు, గమనించావా? విప్లవం అన్నారు. జెండా మధ్యలో పార్టీ గుర్తు కోసేసి చిల్లు పెట్టారు. కుర్చీలో మాత్రం అదే పిర్ర.

ఆట అయ్యాక విందుకి ప్రెడా అప్పుడే దూడల్ని కొనిపించాడు. రాజధాని నుంచి పెద్దమనుషులొస్తున్నారట. రానీ. వాళ్ళ ముందే పడెయ్ వాణ్ణి. జాలి పడ్డావో, ఈ గుమ్మం తొక్కకు.

నీ అక్క,
రుక్సాండ్రా


డాన్యూబ్ రేవు,
జూన్

ప్రియమైన అక్కా,

చూశావుగా. మొదటి సగం చెప్పినట్టే బంతిని అటూ ఇటూ దొర్లించాను. స్టాండులో ప్రెడా సిగరెట్టు కాలుస్తూ అతిథులకి ఏవో కబుర్లు చెబుతున్నాడు. రెండో సగంలో ఆడటం మొదలుపెట్టాను. నన్ను కాపు కాయడానికి పెట్టిన కుర్రాడు సెవెర్, మన రొట్టెల దుకాణం వాళ్ళబ్బాయట. నా పక్కన పరిగెడుతూ మెల్లగా, "ఔరెలన్నా, మాటయిందిగా?" అన్నాడు.

"నాతో కాలేదురా" అని వాణ్ణి దాటి బంతి లోపలికేశాను. గోలు. తర్వాతది నేనే కొట్టాను. మన ఊరి జట్టు రెండో డివిజన్‌కి పడిపోయింది.

ప్రెడా నిలబడలేకా కూర్చోలేకా గాల్లో వేలాడాడు. ఆ మొహం చాలక్కా, నా రెండు చలికాలాలకీ సరిపోయింది. ఆగి నిన్ను చూద్దామనుకున్నాను. బస్సు మీద రాళ్ళు పడుతుంటే డ్రైవరు ఆపలేదు. మావాళ్ళు నన్ను జట్టులోంచి తీసేశారు. తీసేయనీ.

నీ
ఔరెల్


డాన్యూబ్ రేవు,
జులై

అక్కా,

రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఒంట్లో బాగుందా? ప్రెడా నిన్నేమైనా చేశాడా? చేస్తే చెప్పు, వస్తాను.

ఔరెల్


బొగ్గులోయ,
ఆగస్టు

ప్రియమైన ఔరెల్,

నన్నేమీ చేయలేదు. అందుకే రాయలేకపోయాను.

ఆట అయిన వారానికి వాడు నీకు చెప్పిన మాటే పదకొండుమందికీ చెప్పాడు: "మస్టర్లో గనివాళ్ళేగా, దిగండి." అందరూ మన కాలనీ పిల్లలే. సెవెర్ నా కిటికీ దగ్గరికొచ్చి హెల్మెట్ వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. సరిచేసి లాంపు ఇచ్చాను. మళ్ళీ ఈ చేతులతోనే.

నువ్వు వాణ్ణి కొట్టాననుకున్నావు, నేనూ అనుకున్నాను. వాడు పైన పడ్డ దెబ్బని కిందికి తోసేశాడు. వాళ్ళకి వచ్చిన విద్య అదొక్కటే. పగ తప్పు అనను. ఎవరైనా అంటే నోరు మూయిస్తాను. ఒక్కడివే తీర్చుకుందామనుకున్నావు, అక్కడుంది తప్పు. నేనూ దానికే ఎగదోశాను.

కొన్నాళ్ళకి పై బండ కూలి ఒక పిల్లాడి భుజం విరిగింది. మర్నాడు మొదటి షిఫ్టు దిగలేదు. ప్రెడా అరుస్తూ లాంపు గదికే వచ్చాడు. ఆఫీసులోని పెద్దలంతా పెద్ద పింఛను కోసం గనిలో దిగేవాళ్ళమని మస్టరులో రాయించుకున్నారని ఇక్కడ పసిపిల్లకి కూడా తెలుసు. వాడి ముందు ఒక లాంపు పెట్టాను.

"ఏంటిది?"

"మీ లాంపు, డైరెక్టరుగారూ. మస్టర్లో మీరూ గనివాళ్ళేగా."

ఎవరూ నవ్వలేదు. ముసలి గిత్సా హెల్మెట్ తెచ్చి, "రండి సారూ, పిల్లలు దిగే చోటేగా" అన్నాడు. గిత్సా వెనక షిఫ్టు మొత్తం నిలబడి ఉంది. ఎవరూ ప్రెడాని ముట్టుకోలేదు, బయటికి దారి మాత్రం ఇవ్వలేదు. దిగాడు. వాడి చేత పలుగు పట్టించారట, పిల్లాడి భుజం విరిగిన చోటే. షిఫ్టు అయ్యాక పైకొచ్చినప్పుడు గోడ పట్టుకుని నడిచాడు. ఆ సాయంత్రమే పిల్లల్ని దింపే ఉత్తర్వు రద్దయింది. రాజీనామా చేశాడా అని అడగకు, అలాంటివాళ్ళు చేయరు. ఈ కిటికీ వైపు మాత్రం రావడం మానేశాడు.

నిన్ను ఊరంతా పేరు పెట్టి తిడుతోంది. నీ తరఫున వాదించి వాదించి నా గొంతు పోయింది, సగం వాదన నాకే నచ్చలేదు. సెవెర్ ఒక్కడే తిట్టడు. నిన్న రొట్టెలు దింపడానికి వచ్చి అడిగాడు: "రుక్సాండ్రక్కా, మన జట్టుకి మధ్యలో ఆడేవాడు లేడు. ఔరెలన్న ఖాళీయేనట కదా, వస్తాడా?"

అడుగుతానన్నాను. అడుగుతున్నాను. జీతం అంతంతమాత్రం, మైదానంలో గడ్డి లేదు, మొదటి ఆటలో ఈలలన్నీ నీకే. రా. వాళ్ళ తిట్లు నిలబడి విను, తర్వాత బంతి సెవెర్‌కి అందించు.

నీ అక్క,
రుక్సాండ్రా