గట్టి నీళ్ళు

అమ్మడూ, నేను బాగానే ఉన్నాను, కంగారు పడకుండా చదువు.

మా లాడ్జి వంటాయన పోయాడు. స్నానం చేస్తుంటే నెత్తిమీద గీజరు పేలింది. పోయిన నెల ప్లంబరు వచ్చి, "మీవి గట్టి నీళ్ళు, సున్నం ఎక్కువ, గీజరు విప్పి కడిగించండి" అని చెప్పే వెళ్ళాడు. వంటాయన నవ్వి, "నీళ్ళు గట్టివైతే మంచిదేగా బాబాయ్, తాగినవాడూ గట్టిగా ఉంటాడు" అన్నాడు. అందరం నవ్వాం. కడిగించమని మేనేజరుని అడిగితే నీళ్ళు నమిలాడు. ఇప్పుడు చూస్తే లోపల నీళ్ళు కాచే కమ్మీ నిండా సున్నం వేలెడు మందాన పేరుకుపోయి ఉంది. ఆవిరి పోయే చిన్న గొట్టం కూడా ఆ సున్నంతోనే పూడిపోయింది. పేలే ముందు కొన్నాళ్ళు అది అన్నం ఉడికినట్టు కుతకుతమనేది.

మీ గీజరూ అలాగే కుతకుతమంటోందని, నీళ్ళు కాగితే ఆమాత్రం చప్పుడు ఉండదా అని మీ ఆయన కసిరాడని నువ్వే రాశావు. మీ కుళాయిలకి తెల్లగా గార పట్టడం నా కళ్ళతో చూశాను. మెకానిక్ వచ్చి విప్పి కడిగేదాకా దాని స్విచ్చి వేయకండి. నీళ్ళు పొయ్యి మీద కాచుకోండి. పిల్లకి జలుబు తగ్గిందా? బట్టల మిషను మళ్ళీ ఆగిపోయిందా? నా కళ్ళజోడు మీ ఇంట్లోనే మరిచాను, ఎవరైనా వస్తే పంపు.

మీ ఆయన నా మాట వినడు. పోయినసారి మేమిద్దరం అనుకున్న మాటలు అలాంటివి. మా నాన్న మీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాడని చెప్పు. నేను ఎవరి కాళ్ళూ పట్టుకునేవాణ్ణి కాదని అతనికి తెలుసు. అందుకే వింటాడు.

ముగ్గురూ చల్లగా ఉండండి.

మీ నాన్న