కోసిన తరువాతే సంతకం

పార్సిళ్ళ సుంకం కార్యాలయపు పెద్ద అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కొన్నవారు పుచ్చుకోనందున విదేశము నుండి తిరిగి వచ్చిన పాత గిటారు ఒకటి – దానిపై విధించిన సుంకము – దానిని కోయుట – నా సంతకము – గురించి.

ఆ పార్సిలు కట్టిన ఉదయం గురించి ముందు మనవి చేసుకుంటాను. తక్కినదంతా అందులోంచే వచ్చింది.

అది మామూలు ఉదయమే. ప్రార్థన ముగించుకుని వచ్చి ముందు గది కిటికీ తెరిచాను. ఆ గదే మా దుకాణం, ఆ గదే మా తమ్ముడి పనిచోటు, పడక కూడా అక్కడే. గోడ నిండా పాత గిటార్లు వేలాడుతుంటాయి. జనం వద్దనుకున్నవి, మెడ వంగినవి, పొట్ట పగిలినవి వాడు కొని బాగు చేస్తాడు. మా చెల్లెలు వాటిని ఫోనులో విదేశాలవారికి చూపించి అమ్ముతుంది. నేను పెట్టెల్లో పెట్టి కడతాను. ముగ్గురి బతుకూ దాని మీదే.

ధర ఎప్పుడూ పెద్ద డబ్బులో చెబుతాం. పెద్ద డబ్బంటే మాదీ కాదు, కొనేవారిదీ కాదు. అన్ని దేశాలవాళ్ళూ లెక్క చూసుకునే డబ్బు. మా ఇంట్లో దానికి అదే పేరు. అది పెరిగిందో తగ్గిందో పొద్దున్నే చెల్లెలు ఫోను చూసి చెబుతుంది, ఎండా వానా సంగతి చెప్పినట్టు.

ఆ ఉదయం తమ్ముడు ఒక గిటారు మెడకు జిగురు పూసి బిగింపులు వేస్తున్నాడు. నేను సుతిలి తాడు ముడులు విప్పుకుంటున్నాను. చెల్లెలు టీ గ్లాసు కిటికీ మీద పెట్టి, “అక్కా, పెద్ద డబ్బు పెరిగింది. ఇంత ఎప్పుడూ పెరగలేదు,” అంది. అని గోడ వైపు చూడలేదు. తమ్ముడి మంచం వైపు చూసింది.

మంచం పక్కన ఉన్నది వాడి సొంత గిటారు. అమ్మకానికి పెట్టినది కాదు. వయసులో ఉన్నప్పుడు హోటళ్ళలో దాని మీదే వాయించాడు. ఇప్పుడు వాడికి వేళ్ళు బిగుసుకుపోయే జబ్బు. ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. తక్కిన మూడింటితో ఏదో లాగిస్తున్నాడు. సూదిమందు వేయిస్తే ఆ మూడూ నిలుస్తాయని డాక్టరు చెప్పారు. ఆ మందు కూడా విదేశం నుంచే రావాలి.

“అన్నయ్యా, నువ్వింకా ఎన్నాళ్ళు వాయిస్తావు? కొన్నాళ్ళాగితే వేళ్ళూ ఉండవు, ఈ రేటూ ఉండదు,” అంది చెల్లెలు.

“నీ నాలుకతో గీకితే పాత రంగంతా లేచొస్తుందే,” అన్నాడు వాడు, బిగింపు తిప్పుతూనే.

“లేచొస్తే రానీ. నేనేమైనా చీరలు కొనుక్కుంటానా? నీ మందుకే కదా.”

వాడు నా వైపు చూశాడు. నేను తాడు ముడి విప్పుతూనే ఉన్నాను. వాడు చేతులు తుడుచుకుని, గిటారు తెచ్చి నా బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. చెల్లెలు ఫోనులో బేరం కుదిర్చింది. నేను కట్టాను.

పెట్టె మీద ధర రాసేది నేనే. ఈ వ్యాపారంలో అందరూ తక్కువ రాస్తారని తెలుసు. నేను రాయను. ఉన్న ధర ఉన్నట్టే రాశాను.

ఇక మా ఇబ్బందులు క్రమముగా మనవి చేయుచున్నాను.

1. పార్సిలు చేరులోపల పెద్ద డబ్బు మరింత పెరిగినది. కొన్నవారి దేశపు డబ్బు పడిపోయినది. సరుకు చేరిన పిమ్మట సొమ్ము ఇచ్చు ఒప్పందము గనుక, ధర తమకు భారమైనదని వారు పుచ్చుకొనక తిప్పి పంపినారు. అదే రోజులలో మన డబ్బు కూడా పడినది. పెట్టె తాడు కూడా విప్పకుండానే ఆ గిటారు అక్కడివారికీ, ఇక్కడివారికీ అందనంత ఖరీదైపోయింది.

2. తమ కార్యాలయము వారు దానిని విదేశీ సరుకుగా ఎంచి, పెట్టె మీది ధరను నేటి రేటు చొప్పున లెక్కగట్టి సుంకము విధించినారు. మా సరుకు మాకే తిరిగి వచ్చినదని, కనీసం పంపిన నాటి రేటు చూడవలసినదని గుమాస్తా గారిని వేడుకొన్నాను.

“తిరిగొచ్చే సరుకైతే పంపేటప్పుడే తిరిగొస్తుందని రాసివ్వాలమ్మా,” అన్నారు.

“తిరిగొస్తుందని తెలిస్తే ఎందుకు పంపుతాం బాబూ?”

“అది మీ ఇష్టం. రూలు మాత్రం అది.” ఆయన పెట్టె మీది అంకె చూసి పక్క బల్ల ఆయనను కేకేశారు. “ఏమండోయ్, ఇటు రండి. అసలు ధర రాసిన మనిషిని చూద్దురుగాని!”

ఆయన నిజంగానే లేచి వచ్చి చూసి వెళ్ళారు.

3. గోదాము అద్దె దినదినము పెరుగుచున్నది. సుంకము, అద్దె కలిపితే మా తమ్ముని మందు ఖర్చంత అయినది. మందు వెల కూడా పెద్ద డబ్బుతో పాటే పెరిగినందున రెండింటిలో ఒకదానికే మా వద్ద సొమ్మున్నది.

4. ఒకనాడు తమ్ముని వెంటబెట్టుకుని వచ్చితిని. గుమాస్తా గారు కూర్చోమన్నారు. గోడకు ఆనించిన బల్ల మీద కూర్చున్నాం. గోడ అవతల గోదాములో ఎవరో గిటారు వాయిస్తున్నారు. మేము తీగలు వదులు చేసి పంపాము. ఎవరో బిగించుకున్నారన్నమాట.

“అక్కా, అది నాదే,” అన్నాడు తమ్ముడు. లేచి గుమాస్తా గారి దగ్గరికి వెళ్ళాడు. “సార్, ఒక్కసారి చూడనిస్తారా? దూరం నుంచే.”

“సుంకం కట్టని సరుకు బయటివాళ్ళు చూడకూడదు.”

“మరి ఆ వాయిస్తున్నది?”

“తనిఖీ.”

తనిఖీ చాలాసేపు జరిగింది. తనిఖీ చేసేవారికి వాయించడం రాదు. తప్పు పడిన చోటల్లా మా తమ్ముడి మూడు వేళ్ళూ మోకాలి మీద సరైన చోటికి జరిగాయి. ఆపమని నేను వాడి చేతి మీద చెయ్యి వేశాను. కింద అవి ఇంకా కదులుతూనే ఉన్నాయి.

5. సరుకు వదిలేసుకొనుటకు కూడా వీలు లేదట. వదిలేస్తే వేలము వేయుదురు. వేలము నాటి వరకు అద్దె మాత్రము మా నుండియే వసూలు చేయుదురు.

6. తమ్మునితో వచ్చిన ఆ రోజే గుమాస్తా గారు దయతలచి ఇంకొక దారి చెప్పినారు. “పనికిరాని కర్ర అని రాసి సంతకం పెట్టండి. సుంకం ఉండదు, అద్దె కొట్టేస్తాం. రూలు ప్రకారం మీ ఎదురుగా రంపంతో అడ్డంగా కోస్తాం. ఆ ముక్కలు పట్టుకెళ్ళండి.”

కాగితం నా ముందుకు తోశారు. ‘ఈ వస్తువు ఎవరికిని ఏ విధముగాను ఉపయోగపడదని సత్యప్రమాణముగా తెలియజేయుచున్నాను’ అని ఉంది. గోడ అవతల అది ఇంకా మోగుతూనే ఉంది.

“ఇది అబద్ధం బాబూ,” అన్నాను.

“పెట్టె మీద నిజం రాసి ఏం బావుకున్నారమ్మా?”

కలం ఆయన బల్ల మీదే పెట్టి వచ్చేశాను.

అయ్యా, నిన్న సాయంత్రం మేము ముగ్గురం కూర్చున్నాం. సంగతి ఇంక సాగదీయడానికి లేదు.

“మందు మానేద్దాం. అది విడిపించండి,” అన్నాడు తమ్ముడు. “ఉన్న మూడు వేళ్ళతో ఉన్నన్నాళ్ళు వాయించుకుంటాను.”

“తరవాత?” అంది చెల్లెలు.

“తరవాత గోడకు వేలాడదీస్తాను.”

“మరి నిన్నెక్కడ వేలాడదీయాలి? ఇప్పటికే నీ చొక్కా గుండీలు అక్క పెడుతోంది. ఆ మూడూ పోతే మెడలు ఎవరు అతికిస్తారు? నేనా? అప్పుడు గోడ మీద ఉన్నవన్నీ కట్టెలే అన్నయ్యా. మనం కూడా.”

“మందు వేస్తే వేళ్ళు నిలుస్తాయి. నిలిచి ఏం చేస్తాయే?”

“పని చేస్తాయి.”

వాడు తన ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. తరువాత, “అక్కా, నువ్వు చెప్పు. నువ్వు ఏది చెబితే అది,” అన్నాడు.

నేను కళ్ళు మూసుకున్నాను. ప్రార్థనలో ఎప్పుడూ అడిగే చోటే అడిగాను. జవాబేదీ రాలేదు. ఇద్దరూ ఎదురుచూస్తున్నారని కళ్ళు తెరిచి, “కోయిద్దాం,” అన్నాను.

అంతసేపు వాదించిన చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. తమ్ముడు, “సరే అక్కా,” అన్నాడు. అంతే.

కనుక మా కుటుంబ నిర్ణయము ఇది. సుంకము కట్టలేము. వేలమునకు వదలము. గిటారును తమరు కోయవచ్చును. పంపినదాన్ని నేనే గనుక రూలు ప్రకారము నేను వచ్చి, ఎదుట నిలబడి, చివరిదాకా చూస్తాను.

సంతకం మాత్రం కోసిన తరువాత పెట్టనివ్వండి. అప్పటికి ఆ కాగితంలో రాసినది నిజమవుతుంది. ఈ ఉదయం అడిగితే, ముందు సంతకం, తరువాత కోత అని గుమాస్తా గారు అన్నారు. ఈ వరస ఒక్కటి తిరగేయమని కోరడానికే ఈ అర్జీ. రేటు గురించి నేనేమీ అడగడం లేదు, అది తమ చేతిలో లేదు. వరస తమ చేతిలో ఉంది.

రంపం తీసే లోపల ఈ మనవి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పెట్టె మీద ధర రాసిన మనిషి

మరొక మాట: నిన్న సాయంత్రమే ఇంకొకటి కూడా అనుకున్నాం. మా తమ్ముడు కూడా నాతో వస్తాడు. తీగలు బిగువు మీద ఉండగా కోస్తే తెగి ఎగిరి, కోసే మనిషి కంటికి తగులుతాయట. ముందు వాటిని వదులు చేయాలట. తమ సిబ్బందిని శ్రమపెట్టనక్కరలేదు, ఆ పని తనే చేస్తానన్నాడు. దానికి రెండు వేళ్ళు చాలునట.