బావ సీటు కింద వెచ్చదనం

గూడూరు,
డిసెంబరు 1968.

ప్రియమైన బావా,

ఎల్లుండి నిమ్మకాయల లోడుతో ఢిల్లీకి బయలుదేరేటప్పుడు నీ లారీ సీటు చూసి కంగారుపడకు. మద్రాసు పాత సామాన్లలో ఒక విదేశీ కారు సీటు తాలూకు, కరెంటుతో వేడెక్కే మెత్త దొరికింది. మెకానిక్ రజాక్ నీ సీటు విప్పి దాన్ని రెగ్జిన్ కింద కుట్టించాడు. వైర్లు నేనే కలిపాను. స్టీరింగు పక్కనున్న ఎర్ర స్విచ్చి దానిదే. లారీ ఆగితే అదీ ఆపెయ్యి, లేకుంటే బ్యాటరీ దిగిపోతుంది.

కారులో యజమాని నడుముకు వేడి అమర్చిన కంపెనీవాళ్లు లారీ డ్రైవరుకు నడుమే లేదనుకున్నారా? పోయిన చలికాలం ఆగ్రా దగ్గర నడుము పట్టేస్తే నిన్ను ఇద్దరు మోసి దించారని విన్నప్పటినుంచి నాకీ కోపం చల్లారలేదు.

మీ ఓనరు జయరామయ్య వచ్చి, "కంపెనీ పెట్టనిది డ్రైవరుకెందుకయ్యా? పీకెయ్" అన్నాడు. వాదించి వాదించి, "ముందు కూర్చోండి, తరవాత మాట్లాడండి" అన్నాను. కూర్చున్నవాడు చాలాసేపు లేవలేదు. లేచి, "నా కుర్చీకి కూడా ఒకటి చూడు" అన్నాడు. కాబట్టి ఆయనకు భయపడి పీకెయ్యకు.

మా చెల్లెలూ వచ్చి చూసింది. నీకు కాపడం పెట్టే ఇసుక మూటను తెచ్చి సీటు వెనక దోపింది. "నీ కరెంటు ఆగిపోతే ఆయన నడుమును ఎవురు చూస్తారన్నా?" అంది. శాస్త్రం మీద నమ్మకం లేదా అని దాని మీద కేకలేశాను.

అయినా ఆ మూట పారెయ్యకు బావా. వైరింగు చేసింది నేను కదా.

నీకోసం ఇంకా కోపంగానే ఉన్న
మీ బావ