రాహుకాలం దాటాక

అక్కా,

నీ తమ్ముడు మహేశ్ నమస్కారాలు. బావ నడుము నొప్పి తగ్గిందా? పాప ఏడవకుండా బడికి పోతోందా? నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. ఫోన్‌లో నీ గొంతు వింటే చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడ జర్మనీలో ఏప్రిల్‌కు తిక్క ఎక్కువ. పొద్దున ఎండ, పది గంటలకు వడగళ్లు, మధ్యాహ్నం మంచు, ఆపైన గాలి. నిన్న స్వెటర్ మడిచి పెట్టాను, ఇవాళ మళ్లీ తీశాను. అన్నం, పప్పు, నువ్వు పంపిన కారప్పొడి, రోజూ అదే. రుచి పెద్దగా తెలియడం లేదు.

వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, బాగా జరిగిందని నీకు చెప్పాను కదా. జరగలేదు.

ఆ సోమవారం పదిన్నరకు లైప్‌జిగ్‌లో ఉండాలి. మా ఊరి నుంచి గంట ప్రయాణం. ఏడూ నలభైకి ఒక బండి, తొమ్మిదీ పదికి ఇంకొకటి. ఏ బండికి పోవాలని ముందు రోజు నేనే నిన్ను అడిగాను. "సోమారం ఏడున్నర సంది తొమ్మిది దాంక రాహుకాలంరా తమ్మీ. గది పోయినంక బయలెల్లు, ఏం గాదు" అన్నావు. నా రూమ్మేట్ రవి, రాజమండ్రి వాడు, ఏడూ నలభై బండికి పనికి పోతూ "ఈ ఎండని నమ్మకురా బాబూ. గాలి గట్టిగా వత్తాదంట, నాతో వచ్చెయ్" అన్నాడు. నవ్వి, షూ వేసుకుని, ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాడి బండి వేళకే చేరింది.

నా బండి సగం దారిలో ఆగింది. గాలికి పట్టాల మీద చెట్టు పడిందట. పచ్చగా పూసిన ఆవచేల మీద మంచు పడుతుంటే రెండు గంటలకు పైగా చూస్తూ కూర్చున్నాను. ఆఫీసు చేరేసరికి ఒంటిగంట. తలుపు దగ్గరున్న ఆఫీసు ఆమె మర్యాదగానే చెప్పింది, మళ్లీ టెర్మిన్ జూలైలోనేనట. వాళ్లిచ్చే వీసా కార్డు లేకుండా కొత్త ఉద్యోగంలో చేర్చుకోరు. అంతవరకు ఆగలేమని కంపెనీ వాళ్లు నిన్న మెయిల్ పెట్టారు. చదివి, గిన్నెలు కడిగాను. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు.

నాకు ఉద్యోగం వచ్చిందని నువ్వు అప్పటికే వాడకట్టంతా పేడాలు పంచానన్నావు, అందుకే అబద్ధమాడాను. తప్పు నీది కాదక్కా. భయపడి అడిగింది నేను. నువ్వు ఫోన్ ఎత్తకపోతే నెట్‌లోనైనా చూసుకునేవాణ్ణి.

అమ్మకు ఇప్పుడే చెప్పకు. బావకు, పెద్దలందరికీ నా దండాలు. పాపకు ముద్దులు. నేను బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోకు. నువ్వు వచ్చేయమంటే వస్తాను, ఉండమంటే ఉంటాను. ఈ ఒక్కటి మాత్రం క్యాలెండర్ చూడకుండా చెప్పు.

నీ తమ్ముడు,
మహేశ్