నీసు లేని రాత్రులు

భవాని పేట్, సోలాపూర్
జనవరి 18

ప్రియమైన మేఘనక్కకు,

అందరం బాగున్నామని ఫోన్‌లో చెప్తూనే ఉన్నాను కదా. ఆ ఫోన్ ముందరి గదిలో ఉంటుంది, అత్తమ్మ స్పీకర్ పెడుతుంది. అందుకే ఈ ఉత్తరం. జవాబు పక్కింటి పూనం పేరున రాయి. ఆమెకు తెలుగు చదవడం రాదు.

అక్కా, మా ఇంట్లో రాత్రి భోజనంలో నీసు మానేసి రెండు నెలలు దాటింది. ఐదో నెలలో నా కడుపు పోయింది కదా, నేను ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజే మొదలైంది. మొదట కార్తీకం కదా అనుకున్నాను. అది ఎప్పుడో అయిపోయింది. ఆదివారం సాయంత్రం మటన్ ఉడకని ఇల్లు ఈ సందులో మాదొక్కటే.

"ఏం జేస్తం, గడ్డి తిందాం" అని మామ నవ్వుతూ రొట్టె పప్పులో ముంచుతాడు. "చుప్ తినుండ్రి" అంటుంది అత్తమ్మ. తర్వాత ఇద్దరూ నా వైపు చూస్తారు. మా ఆయన్ని అడిగితే, "అమ్మ చెప్పింది. తిను" అని ముఖం తిప్పుకున్నాడు.

మొన్న బీడీలు చుడుతూ పూనం చెప్పింది. "తెల్వదా పిచ్చిదానా? మనుమడు గావాలని మొక్కింది ముసలిది. ఏడాదిల కాకపోతే నిన్ను తల్లిగారింటికి సిరిసిల్ల బస్సెక్కిస్తరు. మా వెనక సందుల ఒకామెను గట్లనే పంపిండ్రు."

నా నెల పది రోజులు దాటింది. ఎవరికీ చెప్పలేదు. కడుపు ఉన్నా భయమే, లేకపోయినా భయమే.

నీ చెల్లెలు
స్నేహ

సిరిసిల్ల
జనవరి 24

బంగారు చెల్లెకు,

నీసు మానితేనే పిల్లలు పుడితే, వారం వారం బోటి వండుకునే నాకు ముగ్గురు ఎట్లా పుట్టారే? మీ అత్తను నోరు తెరిచి అడుగు. బడిలో దాహమైనా నన్ను పిలిచి అడిగించేదానివి. అక్కడ నేను లేను కదా.

ముందు మీ ఆయన వినాయక్‌కు చెప్పి డాక్టర్ దగ్గరికి పో. మొదటిసారి ఎంత రక్తం పోయిందో మరిచావా? ఆ పూనం మాటలు పట్టించుకోకు. ఆమెకు బీడీలు చుట్టడంకంటే కథలు చుట్టడం ఎక్కువ వచ్చినట్టుంది.

నువ్వు చెప్పకపోతే నేనే చెప్తాను.

ముద్దులతో
నీ అక్క

భవాని పేట్
ఫిబ్రవరి 3

ప్రియమైన అక్కకు,

అడగలేకపోయాను. వంటింట్లోకి వెళ్లాను. అత్తమ్మ పల్లీల కారం దంచుతోంది. "ఏందే, ఏం గావాలె?" అంది. "ఉప్పు" అన్నాను. ఇచ్చింది. తెచ్చుకున్నాను.

పోయిన బుధవారం మధ్యాహ్నం పూనం కోడిగుడ్డు పొరటు వేసింది. వాసనకు ఆగలేక తిన్నాను. పొద్దంతా మగ్గాల దగ్గర నిలబడి వచ్చే మనుషులు నా కోసం నోరు కట్టుకుంటే, నేను దొంగచాటుగా తిన్నాను. శుక్రవారం నుంచి రక్తం పోతోంది. ఆగడం లేదు. గుడ్డలు అటక మీద దాస్తున్నాను.

నా బిడ్డను నేనే తినేశానక్కా. వీళ్లకు తెలిస్తే నన్ను ఉంచుకోరు. ఎవరికీ చెప్పకు, నా మీద ఒట్టు.

రాస్తుంటే అక్షరాలు కదులుతున్నాయి. అత్తమ్మ పిలుస్తోంది, రొట్టెలు చేయాలి.

స్నేహ

భవాని పేట్
ఫిబ్రవరి 20

ప్రియమైన మేఘనక్కకు,

ఒట్టు తప్పి ఫోన్ చేశావు. "మీ కోడలికి వారం నుంచి రక్తం పోతోంది, మీ మనుమడి మొక్కుకు భయపడి దాస్తోంది" అని నువ్వు అరిచింది స్పీకర్‌లో ఇల్లంతా విన్నది. మామ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. అత్తమ్మ చెప్పులు లేకుండానే పరుగెత్తి ఆటో తెచ్చింది. కొంతం చౌక్ దాటి ఆస్పత్రి చేరేదాకా నా చేయి వదల్లేదు.

అసలు కడుపే లేదట అక్కా. మొదటిసారి ఒంట్లో రక్తం తగ్గిపోయి నెలసరి గతి తప్పిందట. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఇంకొక్క రోజు ఆగితే కష్టమయ్యేదన్నారు.

రెండో రోజు ఏడుస్తూ అత్తమ్మకు గుడ్డు సంగతి చెప్పేశాను.

"మధ్యాహ్నం తిన్నవా? మొక్కు రాత్రి కుండకే. దానికి ఏడుస్తున్నవా?"

"మనుమడు పోయిండని..."

"మనుమడా! నిన్ను నేనెప్పుడన్న అడిగిన్నా? నీ కడుపు పోయిన దినం నీ చేతులు సల్లబడినయ్. డాక్టర్ ఏం చెప్పలేమన్నడు. ఎల్లమ్మ తల్లీ, ఈ పొల్లను దక్కియ్యి, ఏడాది నా ఇంట్ల రాత్రికి నీసు వండ అన్న. నీ కోసమే. గంతే."

"మరి నాకు చెప్పలేదేం అత్తమ్మా?"

"మొక్కు తీరకముందు ఎవలి కోసమో వాళ్లకు చెప్పొద్దే. చెప్తే పాయె. అయ్యో, ఇప్పుడు నాతోని చెప్పిచ్చినవ్ గద!"

కొంగుతో నోరు మూసుకుంది. అత్తమ్మ భయపడటం నేను ఎప్పుడూ చూడలేదు. ఇంటికి వచ్చినప్పటి నుంచి పొద్దున్నే నా చేయి పట్టుకుని వెచ్చగా ఉందా అని చూస్తోంది. తను సరిగ్గా తినడం లేదు. రోజురోజుకూ చిక్కిపోతోంది. నా భయం ఇప్పుడు అటు మళ్లింది.

నిన్న నేను ఒక్కదాన్నే ఎల్లమ్మ గుడికి వెళ్లాను. ఈ ఊరు వచ్చాక ఒంటరిగా సందు దాటడం ఇదే మొదలు.

సాయంత్రం భోజనం దగ్గర మామ అన్నాడు, "మొక్కు ఎట్లాగూ పాయె గద. ఈ ఆయితారం మటన్ తేనా?"

అత్తమ్మ కంటే ముందు నేనే అన్నాను, "వద్దు మామా. రాత్రికి వద్దు."

"అరే, నీకు నోరున్నదా బిడ్డా! ఎందుకు వద్దు?"

"చెప్పను."

మామ నవ్వడం ఆపేశాడు. అత్తమ్మ నన్ను చాలాసేపు చూసింది. తర్వాత, పది రోజుల్లో మొదటిసారి, తన పళ్లెంలోకి రెండో రొట్టె వేసుకుంది.

ఎవరి కోసమో నువ్వూ అడగకు అక్కా.

నీ చెల్లెలు
స్నేహ