కథలో శ్రీకాంత్ ఆనవాళ్లు

శుక్రవారం, రాత్రి

నేను మారుపేరుతో వెబ్ పత్రికకు రాసిన కథను మా ఆయన శ్రీకాంత్ ఈ సాయంత్రం చదివాడు. మణికొండ అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ, లిఫ్టులో తన పక్కన నిలబడే మగవాణ్ని మనసులో కోరుకుంటుంది. కథంతా అంతే.

"ఏందే, గీడు నేనే గదా! ఎడమ చెయ్యి వాటం, గా చారల చొక్కా... మా టీమోళ్లు చదివితే నా ఇజ్జత్ ఏం గావాలె?" అని నవ్వాడు. పెళ్లయిన కొత్తలో తప్ప అతని ముఖంలో ఆ సిగ్గు నేను చూడలేదు.

నేను రాసింది మా పేపర్ ఫొటోగ్రాఫర్ ప్రదీప్ గురించి. మా మధ్య ఏమీ జరగలేదు, నా ఊహలో తప్ప. వార్తలో ఎవరినైనా దాచాలంటే మేం పేరుతో పాటు ఆనవాళ్లూ మారుస్తాం. కథలోనూ అదే పని చేశాను. ప్రదీప్‌ను కప్పడానికి చేతికందినవి నా మొగుడి ఆనవాళ్లే. కోరుకున్నందుకు నాకు తప్పనిపించడం లేదు. శ్రీకాంత్‌ను ముసుగుగా వాడుకున్నందుకు అనిపిస్తోంది.

"నిజం జెప్పు, నేనేనా?" అని మళ్లీ అడిగాడు.

"నువ్వు గాక ఇంకెవరు?" అన్నాను. ఇంటర్వ్యూలో ఎవరైనా ఇలా ఎదురు ప్రశ్న వేస్తే, జవాబు ఎగ్గొట్టారని రాసుకుంటాను.

కథలో ఆమె ఊహించుకున్నట్టే అతను నా మెడ వెనక చెయ్యి వేశాడు. నేను కళ్లు మూసుకున్నాను. పాపం, దాన్ని కూడా తన ఖాతాలోనే వేసుకున్నాడు.