మొలాము అన్న మాట నాదియాది

జేజినాయనా, ఈ అరబ్బు దేశంలో, అల్ మవాలేలో మేం ముగ్గురం బాగున్నాం, దిగులు పెట్టుకోవద్దు.

ఈ కార్డు వెనక బొమ్మ చూశారా? ఒకప్పటి చైనా చక్రవర్తి తన కార్ఖానాలో పోత పోయించిన కంచు బుద్ధుడు. పైన మెరిసేది నిజం బంగారమే. దీని మీద పది రోజులు కష్టపడి రాసిన వ్యాసాన్ని శుక్రవారం తెలుగు క్లాసులో చదివాను. "బంగారు పూత" అనగానే హైదరాబాదు నాదియా పకపకా నవ్వింది.

"పూత మామిడిచెట్టుకుంటది పిల్లా! బుద్ధుడికి మొలాము పెడతరు."

రమణి టీచరు నా వ్యాసం పక్కన పెట్టి, ఆ మాటను నాదియా చేతనే బోర్డు మీద రాయించారు. కంసాలి మనవరాలిని నేను, మెప్పు ఆమెకు! నాకు కడుపు మండిపోయింది.

బంగారాన్ని పాదరసంతో నూరి, దేవుడి కిరీటాలకు పట్టించి కాల్చేవారు కదా, ఆ పనిని మీరు ఏమనేవారు? ఫోనులో నాన్నకు చెప్పి ఊరుకోకండి. టీచరుకు చూపించాలి, మీ చేతిరాతతోనే కార్డు రాయండి.

కొలిమి గదికి రేకులు వేయించారా? అమ్మ చింతతొక్కు అడుగుతోంది. జేజికి నా నమస్కారాలు.

మీరూ మొలామే అనేవారైతే మాత్రం ఆ కార్డు పోస్టు చేయకండి.

మీ కామాక్షి